దానయ్య చూడని సుడిగాలి

వేట నిషేధం ఎత్తేసిన మొదటి రోజున పీతలరేవులో ముసలివాళ్ళూ, ఆడవాళ్ళూ, పిల్లలూ తప్ప ఇంకెవరూ ఒడ్డున ఉండరు. రెండు నెలలు ఇసకలో బోర్లా పడుకున్న పడవలన్నీ ఆ పొద్దున గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి నీళ్ళలోకి దిగిపోతాయి. ఆ రోజు పడిన చేప ఏడాది మొత్తంలోకీ రుచిగా ఉంటుందని వాళ్ళంటారు. రుచి మాట ఎలా ఉన్నా, రెండు నెలలు గంజి తాగిన ఇంట్లో అది రుచిగా ఉండటంలో వింతేమీ లేదు.

ఆ ఏడూ అలాగే వెళ్ళారు. వలలు దిగాయి. ఎండ ఎక్కుతున్న వేళకి, ప్రతి పడవ ముందు కొసనా, అణియం దగ్గర బిగించిన పలుకుపెట్టె గొంతు విప్పింది.

"లచ్చన్నా, వల కోసీ. లాగకు, కోసీ. తూరుపున సుడిగాలి లెగిసింది. నాను సూసినాను. ఒడ్డుకి రాండ్రా."

అది సూరాడ దానయ్య గొంతు. దానయ్య ఆ ఊరి కులపెద్ద, లచ్చన్నకు స్వయానా చిన్నాన్న. అదే క్షణంలో పక్క పడవలో అదే గొంతు మరొకడిని పేరు పెట్టి పిలిచింది, వాడికి తగ్గట్టు తిట్టింది, వాడి పడవ ఎటు తిప్పాలో చెప్పింది. ఎన్ని పడవలున్నాయో అన్ని మాటలు, గొంతు మాత్రం ఒకటే. లచ్చన్న ఎందుకని అడగలేదు. కత్తి తీసి కొత్త వల కోసేశాడు. ఆ చుట్టుపక్కల పడవలన్నిటిలోనూ కత్తులు లేచాయి.

ఒడ్డుకు వచ్చి వెనక్కి తిరిగి చూస్తే సముద్రం నూనె పోసినట్టు నిమ్మళంగా ఉంది. తూర్పున మబ్బు తునక కూడా లేదు. వలల పాకలో కూర్చుని పాత వలకు ముడులు వేసుకుంటున్న అసలు దానయ్య, ఇళ్ళలోని పెట్టెలన్నీ తన గొంతుతో అరుస్తుంటే లేచి వచ్చి, అందరితోపాటు తూర్పుకే చూస్తూ నిలబడ్డాడు.

అదే సమయానికి విశాఖపట్నంలో, తీర హెచ్చరిక కేంద్రం పై అంతస్తులో చప్పట్లు కొడుతున్నారు.

గోడంత తెర మీద పడవలు చుక్కల్లా కనిపిస్తున్నాయి. చుక్కలన్నీ ఒక్కసారిగా ఒడ్డువైపు తిరిగాయి. సైరన్ మోగినప్పుడు గానీ, ఫోన్లకు సందేశాలు పంపినప్పుడు గానీ ఇంత తొందరగా ఏ ఊరూ కదలలేదు. తెరకు ఒక పక్కన చిన్న చిన్న కిటికీల్లో జపాను వాళ్ళు, జెనీవా వాళ్ళు, నార్వే వాళ్ళు కూడా చప్పట్లు కొడుతున్నారు. దీనికి పంచతీర భాగస్వామ్యం అని పేరు. సముద్రం అడుగున వినే పరికరాలు ఒక దేశానివి, ఆకాశం నుంచి చూసేవి ఇంకొక దేశానివి, డబ్బు మరొకరిది, గొంతును నేర్చుకునే యంత్రం ఓస్లోలోని ఒక చిన్న ప్రయోగశాలది. ఊళ్ళు మనవి.

ఆ గదిలో చప్పట్లు కొట్టనిది ఒక్క సుగుణ. దానయ్య ఒక్కగానొక్క కూతురు. పీతలరేవు నుంచి చదువుకుని ఆ అంతస్తు దాకా వచ్చిన మొదటి మనిషి. ఆ రోజు సుడిగాలి లేదని, అది పరీక్ష మాత్రమేనని, పడవలన్నీ నీళ్ళలో ఉండే రోజు కాబట్టే ఆ రోజును ఎంచుకున్నారని ఆవిడకు తెలుసు. రోజును సూచించింది కూడా ఆవిడే. వల కొయ్యమంటుందని మాత్రం అనుకోలేదు. అది యంత్రం సొంత తెలివి. దానయ్య అయితే ఆ సమయంలో ఏమంటాడో అదే అంది.

"అద్భుతం సుగుణా," అన్నారు డైరెక్టర్ పద్మనాభం గారు. "నీ వల్లే ఇది."

నిజమే, ఆవిడ వల్లే.

రెండేళ్ళ కిందట ఓస్లో నుంచి ఇంగ్రిడ్ అనే స్వరశాస్త్రజ్ఞురాలిని వెంటబెట్టుకుని సుగుణే ఊరికి వెళ్ళింది. జనం యంత్రం మాట వినరు, మనిషి మాట వింటారు. అయితే ప్రతి ఊళ్ళోనూ ఎవరి మాటకు కదులుతారో ఆ మనిషి గొంతునే యంత్రానికి నేర్పితే? పీతలరేవులో ఆ మనిషి ఎవరో వెతకనక్కర్లేదు. దానయ్య నెల్లాళ్ళపాటు చొక్కాకు గుండీ అంత మైకు తగిలించుకుని తిరిగాడు. తిట్టాడు, పంచాయితీలు తీర్చాడు, పిల్లలను అదిలించాడు, వాతావరణం మీద విసుక్కున్నాడు. యంత్రం అన్నీ విని నేర్చుకుంది.

చివరి రోజున మైకు తీసి కూతురి చేతిలో పెడుతూ ఒకే ఒక్క మాట అడిగాడు.

"నా గొంతుతోటి అబద్దం ఆడించరు గదా అమ్మీ?"

"ఆడించం నాన్నా."

సముద్రం విషయంలో కులపెద్ద అంచనా తప్పడం ఆ ఊళ్ళో తప్పేమీ కాదు. రేపు గాలి ఉంటుందని అన్నాక గాలి రాకపోతే ఆటపట్టిస్తారు, అంతే. కానీ 'నాను సూసినాను' అనే మాట వేరు. పెద్ద నోట ఆ మాట వచ్చిందంటే ప్రశ్న వెయ్యకూడదు, వల కొయ్యాలి, పడవ తిప్పాలి. దానికి బదులుగా పెద్ద, చూడనిది చూశానని చచ్చినా అనకూడదు. ఈ ఒప్పందం మీదే ఆ ఊరు ఎన్నో తుపాన్లు దాటింది.

ఆ మాట ఎక్కడ పెడితే జనం ఎంత వేగంగా కదులుతారో యంత్రం తనంతట తనే కనిపెట్టింది. ఇంగ్రిడ్‌కు అనుమానం వచ్చి సుగుణను అడిగింది కూడా. "ఈ మాటకు మీ ఊళ్ళో ఏదో బరువున్నట్టుంది. యంత్రం చూడలేదు కదా. వాడనివ్వచ్చా?"

సుగుణ తెర మీద, జనం ఎంత త్వరగా కదులుతారన్న అంచనా అంకెలు చూసింది. ఆ మాట ఉంటే అంకెలు బాగున్నాయి. "వాడనివ్వచ్చు," అంది.

పరాయి దేశపు మనిషికి వచ్చిన సందేహం సొంత ఊరి మనిషికి రాలేదని కాదు. వచ్చింది. పక్కకు నెట్టింది.

పరీక్ష అయిన మర్నాడు సుగుణ ఊరికి బయలుదేరుతుంటే పద్మనాభం గారు తలుపు దాకా వచ్చారు. ఆయన చెడ్డవాడు కాదు. తుపానులో ఒక ఊరికి ఊరే పోవడం కళ్ళారా చూసిన మనిషి.

"ఇంకా మూడు దేశాల్లో ఈ పరీక్ష జరగాలమ్మా. ఇది పరీక్ష అని ఒక్క ఊళ్ళో బయటపడినా ఇంకెవరూ పెట్టె మాట నమ్మరు. ఒక్క ఏడాది ఓపిక పట్టు. వలలు మనమే కొనిద్దాం."

సుగుణ సరేనంది. దారి పొడుగునా ఒక జవాబు తయారు చేసుకుంది. పరికరం పొరపాటు పడింది, సరిచేస్తున్నాం. పాపం యంత్రానికి పరువేముంది, దాని మీదకు తోసెయ్యవచ్చు అనుకుంది.

మధ్యాహ్నం పంచాయితీకి అందరూ రేవులో ఇసక మీద చేరారు. ఇంటికి ఒక్కరు చొప్పున ముందు, మిగతావాళ్ళు వెనక. లచ్చన్న లేచి నిలబడ్డాడు. గొంతులో కోపం లేదు, అదే ఇబ్బంది.

"సిన్నాన్నా, నువ్వు ఏటి సూసినావు?"

"నానేటీ సూడలేదురా."

"మరి పెట్టి అన్నాది గదా, సూసినానని."

"అన్నాది."

లచ్చన్న తప్పుకునే దారి చూపించాలని ప్రయత్నించాడు. "అది మిసను. దానికి తెలీక అన్నాదేమో. నీకేటి సంబందం?"

సుగుణ ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఉంది. తన జవాబు నాలుక చివర సిద్ధంగా ఉంది. తండ్రి ఒక్కసారి అవునంటే చాలు, లేచి చెప్పేస్తుంది.

దానయ్య తల అడ్డంగా ఊపాడు. "గొంతు నాదే గదా. నానే ఇచ్చినాను, ఎవరూ లాక్కోలేదు. నా గొంతు అన్నాదంటే నాను అన్నట్టే."

అని తలగుడ్డ విప్పాడు. ఇసక మీద పొడుగ్గా పరిచాడు. చూడనిది చూశానన్న పెద్దకు ఆ ఊళ్ళో ఉన్న శిక్ష అది. ప్రతి ఇంటివాళ్ళూ ఆ గుడ్డ మీద నుంచి నడిచి వెళ్ళాలి, ఆయన తలవంచుకుని నిలబడాలి. అది అయిపోయాక ఇక ఆయన పెద్ద కాదు. ఆ శిక్ష ఉందని చిన్నప్పుడు కథలా విన్నారు తప్ప, పడగా చూసినవాళ్ళు ఆ రోజు అక్కడ ఎవరూ లేరు.

మొదట ఎవరూ కదల్లేదు. "నడండ్రా, ఎండెక్కిపోతన్నాది," అన్నాడు దానయ్యే. లచ్చన్న వెళ్ళాడు. లచ్చన్న తల్లి పోలమ్మ కర్ర పట్టుకుని మెల్లగా వెళ్ళింది. ఆవిడ దానయ్యకు వదిన, పెళ్ళై వచ్చిన నాటి నుంచీ ఆయనకు అన్నం పెట్టిన మనిషి. నడుస్తూ ఏడ్చింది. దానయ్య ఇంటి తరఫున నడవడానికి మిగిలింది సుగుణే.

నడవనంటే ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాలి. సుగుణ చెప్పులు విడిచి గుడ్డ మీద కాలు పెట్టింది. ఎండకు కాలిపోతున్న ఇసకలో ఆ గుడ్డ ఒక్కటే చల్లగా తగిలింది. రెండో అడుగుకు గుడ్డ మడతపడి వేలికి చుట్టుకుంది. దానయ్య తల ఎత్తలేదు. వంగి, కూతురు తట్టుకుని పడిపోకుండా ఆ మడత విప్పి సాపు చేశాడు.

సుగుణ అవతలకు దాటింది. సిగ్గుతో చావడం అనేది మాటవరసకు అనేదే, సిగ్గుతో ఎవరూ చావరు. బస్సెక్కి ఉద్యోగానికి వెళ్ళిపోతారు. ఆవిడా వెళ్ళింది. వారం తిరిగేసరికి భాగస్వామ్యం పేరుతో కొత్త వలలు వచ్చాయి. ఊరివాళ్ళు సుగుణకు ఫోన్ చేసి, నీ పుణ్యమేనమ్మా అన్నారు.

దానయ్య మళ్ళీ తలగుడ్డ కట్టలేదు. పంచాయితీలకు పిలిస్తే వెళ్ళి వెనక వరసలో కూర్చునేవాడు. అయినా పీతలరేవు పెట్టెల్లో ఆయన గొంతే ఉండిపోయింది. కొత్త గొంతు నేర్పాలంటే మళ్ళీ నెలల పని, వచ్చే ఏడు చూద్దామన్నారు. ఊరు నమ్మడం మానేసిన గొంతు ఊరిని కాపలా కాస్తూ ఉంది. అది తప్పని సుగుణ ఒకసారి సమావేశంలో మెల్లగా అంది. మెల్లగా అన్న మాటలు సమావేశాల్లో ఎవరికీ వినపడవు.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం, ఆకాశం కడిగినట్టు ఉన్నప్పుడు, సముద్రం అడుగున ఒక కొండవాలు విరిగి జారింది. జపాను పరికరాలు విన్నాయి. పైనుంచి చూసేవి అవునన్నాయి. అల తీరం చేరడానికి గంట కూడా లేదు. ఈసారి పరీక్ష కాదని తెర మీద ఎర్రగా వచ్చింది.

తీరంలోని ఊళ్ళన్నిటిలో పెట్టెలు పలికాయి. ఎవరి పెద్ద గొంతుతో వాళ్ళకు. తెర మీద చుక్కలు ఈసారి పడవలు కావు, ఫోన్లున్న మనుషులు. ఒక్కో ఊరి చుక్కలూ మెట్టవైపు కదలడం మొదలుపెట్టాయి. పీతలరేవు చుక్కలు కదల్లేదు.

"అల వొస్తన్నాది. నాను సూసినాను. పోలమ్మొదినా, లెగు. తుపాను బిల్డింగుకి ఎల్లిపోండి," అంటోంది పెట్టె.

పెట్టెలకు వినడం కూడా వచ్చు. ఏదో ఇంట్లోంచి ఒక ఆడగొంతు నవ్వింది. "మల్లీ సూసీసినాడు ముసిలోడు."

సుగుణ కుర్చీలోంచి లేచింది. తెర మీద ఒక్క చుక్క మాత్రం రేవుకు పరిగెత్తింది, కాసేపు ఆగింది, వెనక్కి తిరిగి పాకల మధ్య అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది. అది ఎవరో ఆవిడకు వెంటనే తెలిసింది. పెట్టెల్లోంచి ఇప్పుడు ఒకే గొంతు రెండుగా వినిపిస్తోంది. ఒకటి తొణకకుండా, ఒకటి రొప్పుతూ.

"నీల్లు ఎనక్కి లాగీసినాయిరా. నాను సూసినాను. నిజింగా సూసినాను. లెగండ్రా, మీ కాల్లు పట్టుకుంటాను."

ఏది పెట్టో ఏది మనిషో తెలిసినా, ఊరివాళ్ళకు రెండూ ఒకటే. రెండూ దానయ్యవే, రెండూ చెల్లని మాటలే.

"లైను ఇవ్వండి. నేను మాట్లాడతాను," అంది సుగుణ.

"ఏం చెబుతావు?" అన్నారు పద్మనాభం గారు.

"నిజం."

ఆయన తెరపక్క కిటికీల్లోని ముఖాల వైపు చూశారు. ఓస్లో కిటికీలో ఇంగ్రిడ్ ఎవరినీ అడగలేదు. పీతలరేవు పెట్టెల్లో దానయ్య గొంతును తీసి సుగుణకు లైను ఇచ్చింది.

"నాను సుగుణని. దానయ్య కూతుర్ని. వేటకెల్లిన మొదటి రోజు సుడిగాలి అబద్దం. మీరు ఎంత బేగి వొస్తారో సూద్దామని మేమే ఆడించినాం. మా నాన్నకి తెలీదు. నాకు తెలుసు. తెలిసే మా నాన్న తలగుడ్డ తొక్కినాను. ఇప్పుడు ఆయన సూసినానంటన్నాడు. మా నాన్న సూసినానంటే సూసినట్టే. పెట్టి మాట ఇనకండి, ఆయన మాట ఇనండి. ఎల్లిపోండి."

పెట్టెల్లోంచి లచ్చన్న గొంతు, "పిల్లల్ని ఎత్తుకోండ్రా," అంది. చుక్కలు కదిలాయి.

సాయంత్రానికి సుగుణ పీతలరేవు చేరింది. పాకలు లేవు. పడవలు సరుగుడు తోటలో అడ్డంగా పడి ఉన్నాయి. ఊరంతా తుపాను భవనం పై అంతస్తులో ఉంది, పోలమ్మ తప్ప. నడవలేని పోలమ్మను దానయ్యే వీపున వేసుకుని వస్తుంటే, భవనం మెట్ల దగ్గర నీళ్ళు అందుకున్నాయి. ఆయన చేతికి మెట్ల పక్క కమ్మీ దొరికింది. ఆవిడ చెయ్యి ఆయన మెడ మీద నుంచి జారిపోయింది.

సుగుణ మెట్లెక్కుతుంటే ఎవరూ తిట్టలేదు. పక్కకు జరిగి దారి ఇచ్చారు. లచ్చన్న తల్లి కోసం ఏడుస్తూ ఆవిడ వైపు చూడలేదు. దానయ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చెంప చెక్కుకుపోయి ఉంది. సుగుణ ఎదురుగా కూర్చుంది.

"నాన్నా."

ఆయన కూతురితో కాక నేలతో మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు.

"వొదిన నన్ను అడిగినాది. పెట్టి సెప్తన్నాదా మరిదీ, నువ్వు సెప్తన్నావా అని. నానే సెప్తన్నానొదినా అన్నాను. నమ్మడానికి రవ్వంత సేపు పట్టీసింది. ఆ రవ్వంతా ఉంటే మెట్లెక్కీసుందును."

"నీ గొంతు తీసేస్తాను నాన్నా. అన్ని పెట్టెల్లోంచీ, మా దగ్గర దాచినదీ, మొత్తం తుడిచేస్తాను. రేపే."

"వొద్దు. ఇయాల నాను నిజిం సెప్పినానని ఊరికి తెలిసింది. మల్లీ ఇంటారు. ఊరికి పనికొస్తాది, ఉండనీ." ఆగాడు. "నీతోటి మాటాడ్డానికి మాత్రం నా కాడ గొంతు లేదమ్మీ. ఎల్లు."

కోపంతో అన్నా బాగుండేది.

పదిరోజులు పోయాక ఊరంతా కలిసి కొత్త తలగుడ్డ తెచ్చి దానయ్య చేతిలో పెట్టారట. తీసుకున్నాడట, కట్టుకోలేదట. ఇవన్నీ సుగుణకు ఇరుగుపొరుగు ఫోన్లలో తెలిసేవి. తను ఫోన్ చేస్తే ఆయన ఎత్తి, ఊపిరి వినపడేంతసేపు ఉంచి, పెట్టేసేవాడు.

భాగస్వామ్యం మాత్రం వర్ధిల్లింది. అంత పెద్ద అల వచ్చినా తీరం మొత్తం మీద పోయింది ఒక్క ముసలమ్మేనని జెనీవాలో గొప్పగా చెప్పుకున్నారు. 'ఒక్క' అన్న మాట విన్నప్పుడల్లా సుగుణ తల దించుకునేది. దొంగ పరీక్షలు ఇక ఉండవని నియమం పెట్టారు. ఆవిడ బయటపెట్టినందుకు మొదట ఉద్యోగం తీసేద్దామనుకున్నారు, ఆ తరవాత నిజాయితీకి గుర్తుగా మెచ్చుకుందామనుకున్నారు. రెండూ వద్దని ఆవిడ పాత కుర్చీలోనే కూర్చుంది. పెట్టెలను రోజూ సరిచూసే పని అడిగి తీసుకుంది.

వేసవి మొదట్లో ఓస్లో నుంచి కొత్త యంత్రం వచ్చింది. ఇదివరకటిలా సముద్రం సంగతులే కాదు, ఏ మాట రాసి ఇచ్చినా ఎంచుకున్న గొంతుతో పలుకుతుంది. ప్రతి గొంతునూ ఒకసారి పలికించి బాగుందో లేదో చూడాలి. ఆ పని సుగుణదే. మధ్యాహ్నం భోజనాల వేళ, గదిలో ఇంకొక్క మనిషి మాత్రం దూరంగా పని చేసుకుంటున్నాడు. వరసలో పీతలరేవు వంతు వచ్చింది.

పలికించాల్సిన వాక్యం పక్కనే ఉంది, గాలి వేగం గురించి. సుగుణ అది రాయలేదు. కాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, తరవాత వేరే మాట రాసింది. ఆ మాట ఇదివరకు రోజూ ఫోన్ ఎత్తగానే దానయ్య అడిగేదే. మీట నొక్కింది.

"సుగునమ్మా, అన్నం తిన్నావేటి?"

యంత్రం ఎంత బాగా అడిగిందంటే, చివర చిన్న దగ్గు కూడా దగ్గింది.

"తిన్నాను నాన్నా," అంది సుగుణ పైకే. దూరంగా ఉన్న అతను తల ఎత్తి చూశాడు. ఆవిడ తినలేదు. ఆయన అడగనూ లేదు. మళ్ళీ ఆయన గొంతుతో ఆయన అనని మాట అనిపించానని అప్పుడు తెలిసింది. ముఖం భగ్గుమంది.

అయినా కాసేపు ఆగి, గదిలో ఆ మనిషి కూడా భోజనానికి లేచి వెళ్ళాక, ఇంకోసారి నొక్కింది.